బాబాయిగారి పసరు, మీ మోచేతులు

ఏవండీ,

అన్నం, పప్పుచారు మూతపెట్టి ఉంచాను. తిని, నాలుగింటికల్లా రాజమండ్రిలో చర్మవ్యాధుల డాక్టరుగారి దగ్గరికి వెళ్లండి. పేరు రాయించాను.

మీ బాబాయిగారు పెద్దాపురం నుంచి తెచ్చిన పసరు మాత్రం పూసుకోకండి. సోరియాసిస్ పెరిగితే "లోపలిది బయటికొస్తుందిరా" అంటారు, తగ్గితే "చూశావా మన మందు" అంటారు. ఇప్పటిదాకా దానికి పారిపోయినవి దోమలే. అందుకు మాత్రం బాబాయిగారికి నా నమస్కారాలు. డాక్టరుగారు పూర్తిగా పోతుందనలేదు, అదుపులో ఉంచుదామన్నారు. నాకు ఆ మాటే నమ్మాలనిపించింది.

బస్సు టైమైంది. కాలేజీకి వెళ్తున్నాను.

మీ హారతి

ఫుల్ హ్యాండ్స్ చొక్కాలన్నీ కావాలనే నానబెట్టాను. పొట్టి చేతులది వేసుకోండి. నా దగ్గర కూడా దాచుకోవడమేంటండీ? తలంబ్రాలప్పుడే మీ మోచేతులు చూశాను. చూశాకే ఇంకో దోసిలి ఎక్కువ పోశాను.