చదివినట్టు సంతకం

1 జనవరి 1996, సోమవారం

అటక మీది పుస్తకాలన్నీ దింపాను. నలభై ఎనిమిది. పన్నెండేళ్లుగా కోఠీ ఫుట్‌పాత్ మీద ఏరుకొచ్చి, ఒక్కటీ చదవకుండా పోగేసినవి. అన్నిటికీ మా మందుల ఫ్యాక్టరీ కంపే పట్టింది. పటాన్‌చెరులో ఉంటే ఇంకేం పడుతుంది. నన్ను చూసి నాకే రోత పుట్టింది.

ఈ ఏడాది నెలకు నాలుగు. ల్యాబ్‌లో బ్యాచ్ రికార్డు రాసినట్టే చార్టు గీశాను: నంబరు, మొదలు, పూర్తి, సంతకం. గోడకు అంటించాను. ఇంట్లో కూడా క్వాలిటీ కంట్రోల్ పెట్టారా అంది మా ఆవిడ పద్మావతి.

9 జనవరి

ఒకటో నంబరు, పదకొండో పేజీ. నిద్ర.

31 జనవరి

లారీ గేటు దగ్గరే ఉంది, పరీక్షలకు టైము లేదు, పోయిన బ్యాచ్ అంకెలే అటూ ఇటూ మార్చి వేసెయ్ త్రినాథ్ అన్నారు మేనేజర్ కామరాజు గారు. వేశాను. ఎనిమిదేళ్లుగా వేస్తూనే ఉన్నాను. ఇంటికొచ్చి అదే పెన్నుతో నాలుగు పుస్తకాలకూ 'పూర్తి' అని రాసి సంతకం పెట్టాను. ఒకటో నంబరులో ఇరవై పేజీలు దాటలేదు.

13 ఫిబ్రవరి

ల్యాబ్ ఊడ్చే మొగులమ్మ సీసాలో నీళ్లు తెచ్చింది. ఫ్యాక్టరీ వెనక వాళ్ల ఊళ్లో ఇంటి ముందు బోరు వేశారట. "సారూ, జెర సూడుండ్రి. తాగనీకి పనికొస్తయా లేదా, ఒక్క మాట చెప్తే సాలు" అంది. కోడలు పోశమ్మకు ఆరో నెల. ఆ ఒంటితో కిలోమీటరు నడిచి బిందె మోస్తోందట. చూస్తానన్నాను.

మూత మీద గుడ్డ చుట్టి, ఎర్ర దారంతో ఏడెనిమిది ముళ్లు వేసింది. షెల్ఫ్‌లో పెట్టాను.

16 ఫిబ్రవరి

మొగులమ్మ అడిగింది. బాగానే ఉన్నాయన్నాను. నోట్లోంచి అదే వచ్చేసింది. చేతులు జోడించింది. సాయంత్రం ఐదు, ఆరు నంబర్లకు సంతకాలు.

29 ఫిబ్రవరి

పోశమ్మ బిందె మోయడం మానేసిందట. నాకు దండం చెప్పమందట. ఏడు, ఎనిమిది పూర్తి.

10 మార్చి, ఆదివారం

పద్మావతి ఏడో నంబరు తీసి, కథ ఎలా ఉందండీ అంది. ముగింపు తేలిపోయిందన్నాను. ఆవిడ పుస్తకం నా ముందు పెట్టింది. ప్రెస్సులో అంచులు కోయకుండానే కుట్టేసిన పుస్తకం. పేజీలు ఇంకా ఒకదానికొకటి కలిసే ఉన్నాయి. ఎక్కడా బ్లేడు తగల్లేదు.

పదహారేళ్ల కాపురంలో ఆవిడ నన్ను అలా చూడలేదు. అన్నం సహించలేదు. చెయ్యి కడుక్కుంటుంటే ఆ సీసా గుర్తొచ్చింది.

11 మార్చి, ఉదయం 7

షిఫ్టుకు ముందే వెళ్లాను. సీసా పెట్టినచోటే ఉంది. ఎర్ర దారం, అన్ని ముళ్లూ అలాగే. కత్తెరతో కోశాను. మూత తీయగానే మా డ్రైనేజీ వాసన. గిన్నెలో ఆవిరి చేస్తే అడుగున పసుపు మడ్డి. తూచాను. ఉండాల్సినదానికి నాలుగింతలు. మళ్లీ తూచాను. అంతే ఉంది.

అదే రోజు, ఉదయం 10

మొగులమ్మ రాగానే, ఆ నీళ్లు ముట్టొద్దని చెప్పాను. చీపురు కింద పెట్టింది. పోశమ్మకు పది రోజులుగా వాంతులట. "నెల కావొస్తుంది సారూ, అవే తాగుతున్నం. మీరు సూసినప్పుడు మంచిగనే ఉండె గద. ఇప్పుడు ఖరాబైనయా" అంది.

నేను తప్పించుకోవడానికి ఆవిడే దారి చూపించింది. అవునన్నాను. థూ.

12 మార్చి

సెలవు పెట్టాను. ఏడో నంబరు పేజీలు బ్లేడుతో ఒక్కొక్కటే కోస్తూ మొదటి నుంచి చదివాను. ముగింపు తేలిపోలేదు. చార్టు చించేశాను. పద్మావతికి సీసా సంగతి మొత్తం చెప్పాను. నాకెందుకు చెబుతున్నారు, ఆవిడకు చెప్పండి అంది.

13 మార్చి

మొగులమ్మ ఇంటికి వెళ్లాను. ఆ రోజు సీసా మూత కూడా తీయలేదని చెప్పాను. ఆమె కోడలి వైపు చూసింది. పోశమ్మ గోడ పట్టుకుని లేచి, గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఎక్కడివో అడగలేదు. తాగాను.