శనివారం భజనకు మొదటి పాట

శాంతమ్మా,

పదిమంది కూడకుండా పాడితే అది భజన అవుతుందా అని నాకు ఏళ్ల తరబడి అనుమానం. ఈ ఫ్లూ జ్వరాలకు గుళ్లో గుంపు కూడవద్దని దండోరా వేశారు కదా. అందుకే ఈ రోజు దీపాలవేళ ఎవరి గడపలో వాళ్లు నిలబడి పాడాలని వీధివాళ్లం అనుకున్నాం. మొదటి పాట మన ఇంటి నుంచే లేవాలి. అక్కకు జ్వరం ఎక్కువైందట, నేను హొళగుంద బస్సుకు పోతున్నాను. మిరియాల కషాయం పొయ్యి మీద ఉంది, పిల్లలకు తాపించు.

నాయన పాట ఎత్తుకుంటే వీధి చివర మగ్గాలు కూడా ఆగేవి. నేను ఎత్తుకుంటే "మేక తప్పిపోయి అరిసినట్టుండాది" అని నవ్వుతావు.

కృష్ణప్ప

మన పెళ్లైన కొత్తలో నీ పాట విని, "ఒక శనివారం భజన తాళాలు నీ చేతికే ఇస్తాలేమ్మా" అన్నాడు నాయన. గుళ్లో పెద్దలు ఒప్పుకోలేదు, ఆయన పోయేదాకా ఆ మాట బాకీగానే ఉండిపోయింది. తాళాలు తుడిచి గూట్లో పెట్టాను, తీసుకో.