సగం దిగిన మేకులు

బావా,

నువ్వు చిత్రిక పట్టి ఉంచిన టేకు బీడింగును, నువ్వు పోయిన ఏడాదికి ఈరోజు మన మణవాళనగర్ ఇంటి ద్వారబంధాల చుట్టూ కొట్టించాను. వడ్రంగం చేసే తిరుత్తణి ఆశారి మునిరత్నం, గాలితో మేకులు కొట్టే గన్నులు రెండు మద్రాసు నుంచి బాడుగకు తెచ్చాడు. లావు మేకులకు చెక్క చీలుతుందని సన్న మేకుల గన్నును నేనే ఎంచాను. చెక్క చీలలేదు. కానీ నువ్వయితే మేకులు సగం దించి, నన్ను పిలిచి చూపించి, నేను సరేనన్నాకే పూర్తిగా కొట్టేవాడివి. ఈరోజు నేను వంటింట్లోంచి వచ్చేలోపే హాల్లో బీడింగు వంకరగా దిగిపోయింది.

“ఏం మునిరత్నం, కొట్టే ముందర ఒక్క కేక వెయ్యగూడదా?”

“గన్ను సగంలో నిలస్తాదా అక్కా? ఇప్పుడు పెరికితే బీడింగే పోతాది,” అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. మిగిలిన పూజగది బీడింగుకైనా గన్ను వద్దని, నీ సుత్తి తెచ్చి అతని చేతికిచ్చాను. మేకులు సగం దించి, “చూడక్కా, సరిగా ఉండాదా?” అన్నాడు.

సరిగానే ఉంది. అయినా కొట్టమని అనలేకపోయాను. రేపు చూద్దామని పంపేశాను.

సాయంత్రం దీపం పెట్టబోతే చీర చెంగు ఆ మేకులకు తగులుకుంది. విసుక్కుంటూనే, చిరగకుండా విడిపించుకున్నాను.