శుక్రవారం నువ్వే విసరాలి

అల్ హిలాల్, దోహా
ఆదివారం, 12 మార్చి 1978

చిరంజీవి జలంధర్‌కు,

టీచరవ్వ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం వాడుక. మీ సార్ ఎడమ అరచెయ్యి తప్ప అందరం క్షేమం అంటేనే నిజమవుతుంది. నువ్వూ క్షేమమేనని తలుద్దామంటే, మన బండి నడిపే హమీదుద్దీన్ చెప్పింది విన్నాక తలవలేకపోతున్నాను.

ఇవాళే ఎందుకు రాస్తున్నానంటే, హమీదుద్దీన్ రేపు పొద్దున వాల్వులు వేసుకుని దుఖాన్ వస్తున్నాడు. పోస్టు కన్నా అతని బండే ముందు చేరుతుంది. శుక్రవారం లోపల ఇది నీ చేతిలో పడాలి. ఏడో తరగతి దాకా చదివినవాడివి, నువ్వే చదువుకో. క్యాంపులో ఇంకొకరి చేత చదివించుకున్నావని తెలిస్తే ఊరుకోను.

నిన్న సాయంత్రం అతను మా ఇంటికి వచ్చి రెండు సంగతులు చెప్పాడు. మీ సార్ నీకిచ్చిన బంతి పట్టే తోలు గ్లవ్ నువ్వు వెనక్కి పంపేశావు. మెసైమీర్ మైదానంలో మన జట్టుకూ మీ దుఖాన్ జట్టుకూ శుక్రవారం జరిగే బేస్‌బాల్ ఆటలో బంతి విసరలేనని, భుజం నొప్పిగా ఉందని మీ కెప్టెన్‌తో చెప్పావు. భుజం ఎప్పుడు పట్టిందయ్యా అని నేను అడిగితే హమీదుద్దీన్ నవ్వాడు. మొన్ననే క్యాంపులో అంత ఎత్తు స్తంభం మీదికి తాడు ఒక్క విసురుకు అందించిండమ్మా, నొప్పి యాడిది అన్నాడు.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా చదువు. దుఖాన్ కంపెనీలో నువ్వు చేరింది పైపులు మొయ్యడానికి కాదు, క్రేన్ నేర్చుకోవడానికి. ఈ నెలాఖరుకు నీ ట్రయల్ పూర్తవుతుంది. భుజం నొప్పి అన్నవాణ్ని శనివారం మెడికల్‌కు పంపుతామని మీ క్యాంప్ బాస్ అంటున్నాడట. భుజం సరిగా లేదని డాక్టరు ఒక్క ముక్క రాశాడంటే ఇక నిన్ను క్రేన్ మీద కూర్చోబెట్టరు. మళ్లీ పైపులు మొయ్యమంటారు, లేకపోతే విమానం ఎక్కించేస్తారు. మీ సార్‌కు ఎదురుగా నిలబడి బంతి విసరలేక ఆడిన అబద్ధం నీ పనికే ఎసరు పెడుతుంది. ఇది నీకు తట్టలేదని నాకు తెలుసు. తట్టి ఉంటే కడుపు నొప్పి అనేవాడివి.

మీ సార్ అంటే నీకు ఎంత గౌరవమో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను అతని తల్లిని, మీ ఆటలన్నిటికీ స్కోరు రాసినదాన్ని. తెనాలిలో ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి, కొడుకు దగ్గర విశ్రాంతిగా ఉందామని ఈ దేశం వస్తే, శుక్రవారం పూట గొడుగు కింద కుర్చీ వేసి నా చేతికి పెన్సిల్ ఇచ్చారు. మూడు బంతులు బ్యాటుకు తగలకుండా పోతే మనిషి అవుటనే ఈ ఆట నాకు మొదట్లో అర్థం కాలేదు. నువ్వు విసరడం చూశాక అర్థమైంది.

సైటులో నాలుగో అంతస్తు మీద గంగన్న డబ్బా పట్టుకుని కూర్చుంటే, మెట్లెక్కడం దండగని నువ్వు కింద నుంచే అందులోకి నట్లు విసిరేవాడివి. అది చూసి మీ సార్ తిట్టడానికే వచ్చాడు. తిట్టాడు కూడా. ఆ వారమే నిన్ను మైదానానికి తీసుకొచ్చాడు. ఈ విసరడం ఎక్కడ నేర్చావని అమెరికన్ ఫోర్‌మన్ అడిగితే, ఆర్మూరు దగ్గర మా జొన్నచేలో వడిసెలతో రాళ్లు విసిరి పిట్టల్ని తోలేవాణ్నని చెప్పావు. ఆ వడిసెల ఏ కంపెనీ తయారు చేస్తుందని ఆయన అడిగాడు. ఆ రోజు మీ సార్ నవ్విన నవ్వు నేను మళ్లీ వినలేదు.

డిసెంబరులో నీ కాంట్రాక్టు అయిపోయింది. చాలామందికి అక్కడితో ఇంటిదారే. నీకు మాత్రం కంపెనీ రిలీజ్ కాయితం ఇచ్చింది, ఎవరి దగ్గరైనా చేరవచ్చంది. దుఖాన్‌లో క్రేన్ పని ఉందంటే వెళ్లావు. ఇందులో తప్పేమీ లేదు. ఇక్కడ మన క్యాంపులో ఏమన్నారో నాకూ తెలుసు. ఏసీ గది సూడంగనే మనల్ని మరిచిండు, ఇగ అరబ్బు షేకులెక్క నడుస్తడు అని రాజన్న అన్నాడట. నీ మంచం ఖాళీ అయిన సాయంత్రమే అందులో పడుకున్నది కూడా ఆ రాజన్నేనని గంగన్న చెప్పాడు. పడుకుని, నీ దిండు తీసి పెట్టెలో దాచాడట. మనుషులు నోటితో అనేదీ చేత్తో చేసేదీ ఎప్పుడూ ఒకటి కావు.

నీ స్థానంలో ఇప్పుడు నాంపల్లి గౌస్ మొహియుద్దీన్ విసురుతున్నాడు. మంచివాడు. ప్రతి బంతికీ ముందు బిస్మిల్లా అంటాడు, విసిరాక మాఫ్ కర్నా సాబ్ అంటాడు. కిందటి శుక్రవారం ఒక బంతి నీళ్ల డ్రమ్ములో పడింది. ఇంకొకటి అంపైరుగా నిలబడ్డ ఫోర్‌మన్ టోపీ ఎత్తుకుపోయింది. వాళ్లకు పద్నాలుగు, మనకు రెండు, ఓడాం. ఆ రెండింటిలో ఒకటి వాళ్లు బంతి జారవిడిచినందువల్ల వచ్చింది. అదీ అలాగే రాశాను. బ్యాటు వెనక కూర్చుని, ఎటు వస్తుందో తెలియని బంతిని పట్టీ పట్టీ మీ సార్ అరచెయ్యి పొంగింది. రోజూ ఉప్పు కాపడం పెడుతున్నాను. జలంధర్ బంతులు ఇంతకన్నా గట్టిగా వచ్చేవి కదరా అని అడిగితే, అవి ఎక్కడికి వస్తాయో నాకు ముందే తెలిసేదమ్మా అన్నాడు.

ఇక నీ మనసులో ఉన్న ముల్లు సంగతి. హమీదుద్దీన్ దగ్గర నువ్వు అన్నావట: సారు గేటు కాడ నిలబడి సూస్తనే ఉన్నడు గని ఒక్కసారన్న పేరు పెట్టి పిల్వలే, అంత కోపమొచ్చింది నా మీద అని. ప్రతి బంతికీ ముందు "రా, జలంధర్!" అని మైదానం అవతలికి వినిపించేలా అరిచే మనిషి నువ్వు దుఖాన్ బయలుదేరిన రోజు నోరు మెదపకపోతే నీకు అలా అనిపించడం సహజమే. కానీ నువ్వు పొరబడ్డావు.

నా దగ్గర సెలవు తీసుకుని నువ్వు బయలుదేరినప్పుడు నా కొడుకు ఆఫీసు నుంచి ఇంకా రాలేదు. వచ్చేసరికి నువ్వు గేటు దాటి బండి వైపు నడుస్తున్నావు. వాడికి కనిపించింది నీ వీపు. బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదని మా ఇంట్లో అంటాం, మీ ఇంట్లోనూ అంటారు. సార్ ఇంజనీరు కదా, ఇలాంటివి పట్టించుకోడనుకున్నావు. నిజమే, పట్టించుకోడు. నేను బజారుకు బయలుదేరితే కావాలనే ఎక్కడికమ్మా అని అడిగి, నేను వెనక్కి వచ్చి కూర్చుని మంచినీళ్లు తాగేదాకా నవ్వుతాడు. అలాంటివాడు ఆ రోజు నిన్ను పిలవబోయి, నోరు తెరిచి మూసుకున్నాడు. నేను కిటికీలోంచి చూశాను. నువ్వు తిరిగి చూస్తే చెయ్యి కూడా ఎత్తలేదు, ఎత్తితే నువ్వు ఆగిపోతావని. బండి మలుపు తిరిగాక లోపలికి వచ్చి, వాడు వెళ్తూ వెనక్కి తిరిగి చూశాడమ్మా, ఏం కాదు కదా అని నన్ను అడిగాడు.

ఏం కాదని చెప్పాను. ఆ మాట నిలబెట్టే పని నీది.

నువ్వు పంపిన గ్లవ్ ఈ సంచిలోనే ఉంది. నిన్న దాన్ని మీ సార్ చేతిలో పెట్టాను. వాపు చేత్తోనే కూర్చుని తోలు మెత్తబడేదాకా కొబ్బరినూనె రాశాడు. నా కోడలు నీకిష్టమని నువ్వుల పొడి చేసింది, అదీ పెట్టాను. డబ్బా తిరిగి పంపు.

మీ అమ్మ చిన్నవ్వకు ఉత్తరం రాస్తే నా నమస్కారం చెప్పు. దుబాయ్‌లో ఉన్నాడు నా కొడుకు అని ఆమె ఊరంతా చెబుతున్నదట. దుఖాన్ అని నేర్పు.

నీ మంచి కోరే,
టీచరవ్వ శేషారత్నం

తా.క.: సంతకం పెట్టాక కాసేపు ఆలోచించాను. పైన ఒకటి రాయకుండా వదిలాను. అది రాయకపోతే ఈ ఉత్తరం తప్పు లెక్క అవుతుంది.

దుఖాన్ వాళ్లు నిన్ను పిలవలేదు. మీ సారే వెళ్లి అడిగాడు. నీకు క్రేన్ నేర్పించమని మన కంపెనీలో రెండుసార్లు రాశాడు. మేనేజరు ఒప్పుకోలేదు. ఇంకో రెండేళ్లు అదే పైపుల పని మీద ఉంచండి, శుక్రవారం ఆటకు అందుబాటులో ఉంటాడు అన్నాడట. అప్పుడు మీ సార్ దుఖాన్ వెళ్లి, పైపులు మోసే పనికైతే వద్దు, క్రేన్ నేర్పుతామంటేనే పంపుతానని మాట తీసుకుని వచ్చాడు. నీ రిలీజ్ కాయితం కోసం మేనేజరు గది ముందు నిలబడిందీ వాడే. చేతికి కాపడం పెడుతుంటే నాకు ఇదంతా చెప్పి, ఒక్క మాటన్నాడు: "వాడు నా జట్టులో ఉన్నంతకాలం ఆ పైపుల కిందే ఉంటాడమ్మా." నీకు చెప్పవద్దన్నాడు, తెలిస్తే నువ్వు కదలవని. చెప్పనని నేను మాట ఇవ్వలేదు. విన్నానంతే.

కాబట్టి ఇక జరగవలసినవి:

1. ఇది చదవగానే మీ కెప్టెన్ దగ్గరికి వెళ్లి భుజం బాగానే ఉందని చెప్పు. ఎందుకు అబద్ధమాడావంటే, మా పాత కెప్టెన్ సార్‌కు ఎదురుగా విసరడానికి మనసు రాలేదని చెప్పు. ఆయనా ఆట ఆడేవాడే, అర్థమవుతుంది.

2. రోజూ డ్యూటీ అయ్యాక ఆ గ్లవ్ తొడుక్కుని ఎవరితోనైనా కాసేపు బంతి ఆడు.

3. శుక్రవారం మీ సార్ దగ్గరికి నువ్వే వెళ్లి నమస్కారం పెట్టు. ఈ సంగతి నీకు తెలుసని నోటితోనూ కళ్లతోనూ బయటపెట్టకు. కళ్ల విషయంలో నీ మీద నాకు నమ్మకం లేదు, అందుకని టోపీ పెట్టుకో.

4. రాజన్న ఏదో ఒకటి అంటాడు. అననీ. దిండు సంగతి మాత్రం అడగకు.

5. మన వైపు మొదట బ్యాటు పట్టేది మీ సార్. మూడు బంతుల్లో అవుట్ చెయ్యి. నా కొడుకని చెయ్యి వదులు చేశావో, నాకు తెలుస్తుంది, వాడికి ఇంకా ముందు తెలుస్తుంది. ఇన్నాళ్లూ వాడు నీ బంతులు పట్టాడే కానీ ఎదురుగా నిలబడి ఎప్పుడూ చూడలేదు. డిసెంబరు నుంచి వాడు ఎదురుచూస్తున్నది ఆ మూడింటి కోసమే.