ఒకే పేజీలో రెండు లైబ్రరీలు

మార్చి 3, 2008

అప్పలరాజు బావతో మళ్లీ గొడవ. గొలుగొండ కొండపల్లెల పట్టాల జాబితాను ఆఫీసువాళ్లు బీరువాలో పెట్టి తాళం వేసుకుంటే, ఎలాగో నకలు సంపాదించి ఆ కోపంతో మొదలుపెట్టిన వెబ్ పేజీ ఇది. పేరు కొడితే ఉందో లేదో చెప్పాలి. ఏ జావాస్క్రిప్ట్ లైబ్రరీతో — అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడు మూటతో — కట్టాలి? నాది ప్రోటోటైప్. తనది జెక్వెరీ. "నీది పాతబడిపోనాది బావా" అన్నాడు. కొత్తదైతే చాలా? ఇది అచ్చం పెట్టుబడిదారీ సంత బుద్ధి అనేశాను. "లైబ్రరీకి కూడా వర్గం సూత్తావేటి?" అన్నాడు.

చూస్తాను. ఎందుకు చూడకూడదు?

మార్చి 5

రెండూ చదివాను. నేను నాలుగు వరసలు రాసే చోట తనది ఒక్క వరసలో అయిపోతోంది. నా కరపత్రాలూ అంత క్లుప్తంగా రాయగలిగితే... బావకు మాత్రం చెప్పను.

మార్చి 8

రాజీ. ఊరు ఎంచుకునే భాగం తనది, పేరు వెతికేది నాది. రెండు లైబ్రరీలూ ఒకే పేజీలో. ఐక్య సంఘటన అని నేనే పేరు పెట్టాను.

మార్చి 11

పేజీ ఎక్కించాం. ఎవరి భాగం వాళ్లు సరిచూసుకున్నాం — కలిపి చూసినవాడు లేడు. ఆదివారం గ్రామసభ. జాబితాలో ఉన్నవాళ్లు వచ్చి వేలిముద్ర వేయాలి. రాకపోతే భూమి వదులుకున్నట్టే.

మార్చి 13

గొలుగొండ నెట్ సెంటర్ రమణమ్మ ఫోన్. "మాస్టారూ, ఎవుల పేరు కొట్టినా లేదంటంది. సన్నాసమ్మ ఎలిపోనాది."

కొండ దిగి నడిచి వచ్చిన మనిషి. లేదంటే సరేనని తిరిగి కొండెక్కిపోయిందట. ఒక్క మాట అడగలేదట.

కారణం దొరికింది. రెండు లైబ్రరీలనూ కోడులో పిలిచే పేరు ఒకటే, డాలరు గుర్తు. వెనక వచ్చింది లాక్కుంటే ముందుది పనిచేయదు. ఆగిపోయింది నాది. వెతకడం ఆగినా తెరమీద మిగిలిపోయే ఆ "పేరు లేదు" — ముందే రాసిపెట్టింది నేనే. ఏ గుమాస్తా అయినా అలా రాసుంటే చీల్చి చెండాడేవాణ్ణి.

మార్చి 14

నాది తీసేశాను. మొత్తం జెక్వెరీయే. బావ నవ్వలేదు. "ఆయమ్మకెవులు సెప్తారిప్పుడు?" అన్నాడంతే.

మార్చి 15

నర్సీపట్నం బస్సు, గొలుగొండ, ఆపైన నడక. సన్నాసమ్మ తన మెట్టచెక్కలో రాళ్లు ఏరుతోంది. కాగితం చూపించాను — నీ పేరుందమ్మా, రేపు రావాలి.

"మొన్న లేదన్నాది మీ కంప్యూటరే కదా బాబూ. ఇయ్యాల ఉందంటన్నాది. రేపు ఏలిముద్దరేసినాక మళ్లీ లేదంటే?"

తప్పు నాది అన్నాను. ఇంకేదో చెప్పబోయాను — డాలరు గుర్తు గురించా? ఆమెకా?

"సూద్దాంలే" అంది. కాగితం తీసుకోలేదు.

మార్చి 16

గ్రామసభ. బడి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. బల్ల దగ్గర పేర్లు పిలుస్తున్నారు. సన్నాసమ్మ పల్లె వంతు ఇంకా రాలేదు. బావ గేటు దగ్గరే నిలబడ్డాడు. కొండదారిలో ముగ్గురు ఆడవాళ్లు దిగుతున్నారు, నెత్తిన బుట్టలతో. ఇంత దూరం నుంచి మొహాలు తెలియడం లేదు...