అమ్మ గొంతు దొరికిన చోటు

డబ్లిన్

అక్కా,

ముందుగా నీ కాళ్ళకు దండం. నువ్వూ, బావా, పిల్లలూ ఎలా ఉన్నారు? బావ చేపల వేటకు పోతున్నాడా? నేను బాగున్నాను, మెడనొప్పి కూడా తగ్గింది. బెంగ పెట్టుకోవద్దు. ఫోనులో చెప్పలేని సంగతి కాబట్టి రాస్తున్నాను. ఇది చదివేటప్పుడు నీ ఫోను పక్కగదిలో పెట్టు.

ఇక్కడ వాన పైనుంచి పడదు, గాలితో పక్కనుంచి కొడుతుంది. చేపలు తలా ముళ్ళూ తీసేసి అమ్ముతారు, తింటున్నది ఏ చేపో తెలియదు. ఎవరైనా వస్తుంటే ఎండు నెత్తళ్ళు కాసిని పంపు.

నా పనేమిటని అడుగుతుంటావు కదా. ఫోన్లు విన్న మాటలను నేను వింటాను. మన తెలుగు యంత్రానికి సరిగా అర్థమైందో లేదో చూడాలి. పేరుండదు, ఊరుండదు, పాతవీ కొత్తవీ కలిసిన చిన్న చిన్న ముక్కలు. ఒక్కోసారి ఎవరూ పిలవకపోయినా తననే పిలిచారనుకుని ఫోను చెవి తెరుస్తుంది. చేరిన రోజే మాచేత నియమాలు చదివించారు. అడిగే తీసుకోవాలి, ఎందుకు తీసుకున్నారో అందుకే వాడాలి, పనయ్యాక ఉంచుకోకూడదు. మనిషి వచ్చి నాది నాకు చూపించమంటే చూపాలి, తుడిచెయ్యమంటే తుడిచెయ్యాలి. చాలా దేశాలు ఒప్పుకున్న మాటలట.

పోయిన మంగళవారం ఒక ముక్కలో దగ్గు వినిపించింది. తర్వాత అమ్మ గొంతు.

"సుజా... సుజా, లోపలికి రా మే."

వెంటనే నీ గొంతు. "అది ఊళ్ళో లేదమ్మా. నేను, పెద్దదాన్ని."

"అబద్ధాలు చెప్పబాక. వాకిట్లో నిలబడుండాది. తడిసిపోతా ఉండాది."

అంతే. అమ్మ పోయి రెండేళ్ళు. ఆ మాట అనేనాటికి నేను ఇక్కడే ఉన్నాను.

మూడుసార్లు విన్నాను. మూడోసారి "వస్తుండా మా" అని పైకే అనేశాను. పక్కవాళ్ళు తిరిగి చూశారు. ఆ సాయంత్రం గదికి వెళితే గడప ముందు తడి అడుగులున్నాయి. ఎవరో పక్కవాటా వాళ్ళవే అయ్యుంటాయి. అయినా ఆ గడప దాటడానికి నాకు చాలాసేపు పట్టింది.

మర్నాడు పైఅధికారికి చెప్పాను. పెద్దావిడ, నెమ్మదస్తురాలు. ఆ ముక్క ఇంకెవరూ వినకుండా ఆపించింది.

"ఈ నియమాలు బతికున్నవాళ్ళకే. పోయినవాళ్ళు అడగలేరు," అంది. మళ్ళీ తనే, "రెండో గొంతు ఎవరిది?" అంది.

"మా అక్కది."

"అయితే ఆమె అడగవచ్చు."

నకలు తీసుకోవడం నాకు చిటికెలో పని. తీసుకోలేదు. నీకు తెలియకుండా విన్నందుకే సిగ్గుగా ఉంది, క్షమించు.

దీంతో మా కంపెనీకి పంపాల్సిన అర్జీ కాగితం పెట్టాను, ఆ ముక్క నంబరు వేశాను, ఇంగ్లీషులో ఉంది. పెద్దపాపచేత చదివించుకో. తుడిచెయ్యమని రాస్తావో, ముందు నకలు ఇమ్మంటావో నీ ఇష్టం, గొంతు నీది. సంతకం చేసి బోగోలు పోస్టాఫీసులో రిజిస్టరు చెయ్యి.

అత్తగారికీ, పెదనాన్నకీ నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు.

అక్కా, ఒక్కటే అడుగుతాను. ఆ రోజుల్లో నేను ఫోను చేసినప్పుడల్లా "అమ్మ పడుకోనుండాది, నిన్ను అడగలా" అన్నావు. నేను ఏడుస్తాననే దాచావు, కోపం లేదు. అమ్మ నన్ను ఎన్నాళ్ళు పిలిచింది? అది నీ నోటితోనే చెప్పు.

నీ దీవెన కోరే
సుజాత