చీకటి తీసేసి వెయ్యమన్నారు

2007 మే 12, శనివారం

ఛీ. ఇంత కష్టపడింది సమోసాల కోసమా?

దేశం కాని దేశంలో మన తెలుగు సంఘం నెలకోసారి కమ్యూనిటీ క్లబ్ హాల్లో సినిమా వేస్తుంది. ఈ నెల ఛాన్స్ నాకిచ్చారు. కాజిమేష్ వ్రోనా తీసిన మూడో సినిమా వేశాను. పోలెండ్ ఆయన. జీవితం మొత్తం మీద తీసినవి ఐదే. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు ఫిల్మ్ క్లబ్‌లో చూసి, బస్సు సంగతి మర్చిపోయి హాస్టల్ దాకా నడిచి వెళ్ళాను. మనవాళ్ళకి అర్థం కావాలని సబ్‌టైటిల్స్ అన్నీ తెలుగులో నేనే రాశాను, ఆఫీసులో లంచ్ మానేసి మరీ.

కథ ఇంతే. ట్రామ్ నడిపే ఒకావిడ, ఆవిడ మొగుడు, చిన్న ఇల్లు. ఒక సాయంత్రం ఊరంతా కరెంటు పోతుంది. ఏడు నిమిషాలు స్క్రీన్ మొత్తం నలుపు. వినిపిస్తుంది, అంతే. తలుపు కొడతారు. బూట్ల చప్పుడు. కుర్చీ ఈడ్చిన చప్పుడు. తర్వాత స్టవ్ మీద కెటిల్ అరుస్తూనే ఉంటుంది, ఎవరూ దించరు. కరెంటు వచ్చేసరికి ఆవిడ ఒక్కతే ఉంటుంది.

స్క్రీన్ నల్లబడగానే ప్రెసిడెంట్ జనార్దనరావు అంకుల్ హాల్లో లైట్లన్నీ వేసేశారు. ఇంటర్వెల్ అనుకున్నారు! ఆయనొక్కరేనా, హాలు హాలంతా లేచింది. సమోసాలు, టీ, లక్కీ డ్రా. ఆగండి ఆగండి అని నేను అరుస్తుంటే, కంగారుపడకమ్మా నీకూ రెండు తీసిపెట్టాం అన్నారెవరో. తీరిగ్గా వచ్చి కూర్చుని, హీరో ఏడీ, ఎక్కడికి పోయాడు అని నన్నే అడిగారు.

ఎక్కడికి పోయాడో మీరు తింటున్నప్పుడే తెలిసింది అన్నాను. నవ్వారు. జోక్ అనుకున్నారు.

మే 13

రంగనాథ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. మొగుడని కూడా చూడను, ఇవాళ వంట లేదు.

మే 16, బుధవారం

జూన్‌లో మళ్ళీ అదే సినిమా వేస్తానని మెయిల్ పెట్టాను. లంచ్ టైమ్‌లో అంకుల్ ఫోన్. ఈయన ఇక్కడే పుట్టి పెరిగారు, చోవా చూ కాంగ్‌లో ఉంటారు. మన తెలుగులో మలయ్ ముక్కలు కలిపి మాట్లాడతారు. మంచాయనే. ఆ సీకట్లో ఏటుందమ్మా, తీసేసి ఎయ్యి, సీకటైతే జనం మకాన్‌కి, అదే తిండికి, లేస్తారు లా, ఆళ్ళని అంటే ఏం లాభం అన్నారు.

అచ్చం ఇదే మాట వ్రోనాతో వాళ్ళ సర్కారు అంది. ఏం జరిగిందో చూపించు, లేదంటే ఆ ముక్క తీసెయ్యి అన్నారు. రెండూ చెయ్యనన్నాడు. సినిమాని ఒక గదిలో పెట్టి ఎనిమిదేళ్ళు తాళం వేశారు. ఆ ఎనిమిదేళ్ళూ సబ్బుపొడి యాడ్స్ తీసుకుని బతికాడు. సర్కారు మారాక సినిమా బయటికొచ్చింది. అప్పుడు డిస్ట్రిబ్యూటర్లు కూడా కొంచెం తగ్గించమన్నారట. తగ్గించలేదు.

ఇదంతా అంకుల్‌కి చెప్పాను. ఆయనకేటమ్మా, పోలెండులో తెలుగు సంఘం లేదు కదా అన్నారు.

నాకు నవ్వొచ్చింది. కానీ తీయను.

మే 24

రంగనాథ్ లాప్‌టాప్‌లో ఫైలు తెరిచి పెట్టాడు. ఏడు నిమిషాలకి ఇంత యుద్ధమా, ఒక్క క్లిక్ అన్నాడు. కీర్తిక కూడా తండ్రి పార్టీయే. తొమ్మిదేళ్ళ పిల్ల, నాకు చెబుతుంది, మమ్మీ, జస్ట్ కట్ లా, నోబడీ విల్ నో.

మౌస్ మీద చెయ్యి పెట్టిన మాట నిజం. ఎవరికీ తెలియదు, అదీ నిజమే.

చాంగీ బిజినెస్ పార్క్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పైవాళ్ళు చెప్పినట్టు టెస్ట్ చేసి పాస్, పాస్ అని కొడుతుంటాను. బ్యాంకు వాళ్ళ సాఫ్ట్‌వేర్, వాళ్ళిష్టం. ఇది నాది. లాప్‌టాప్ మూసేశాను.

మే 31

కమిటీ మెయిల్. సరే, పూర్తిగానే వేసుకో, కానీ ఈసారి కూడా జనం మధ్యలో లేచిపోతే ఇలాంటి సినిమాలు ఇక ఉండవు.

ఉండకపోతే పోనీ. చూద్దాం.

జూన్ 9, శనివారం

వేశాను.

ముందే మైకులో చెప్పాను, ఇంటర్వెల్ లేదు, చీకటి సినిమాలోదే, సమోసాలు చివర్లో. చెప్పి, వెనక స్విచ్‌బోర్డుకి వీపు ఆనించి నిలబడ్డాను. సిగ్గేసింది, అయినా కదల్లేదు.

నలుపు వచ్చింది. గుసగుసలు, కుర్చీల చప్పుడు. తలుపు తెరిచి వెళ్ళేవాళ్ళు వెళ్తున్నారు. ఎవరో తడుముకుంటూ నా వైపే వచ్చారు. స్విచ్ కోసం చాపిన చెయ్యి నా భుజానికి తగిలింది. అంకుల్. ఎవరది అన్నారు. కోటేశ్వరిని, వెళ్ళి కూర్చోండి అన్నాను. నా జన్మలో పెద్దవాళ్ళతో అంత దురుసుగా మాట్లాడలేదు.

సరిగ్గా అప్పుడే సినిమాలో తలుపు కొట్టారు.

ఆయన వెళ్ళలేదు. నా పక్కన గోడకి ఆనుకుని నిలబడిపోయారు. కెటిల్ అరుపు మొదలైంది. ఆయన ఊపిరి నాకు వినిపిస్తోంది. వెలుతురొచ్చాక చూస్తే హాలు సగం ఖాళీ. అంకుల్ ముఖం తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయారు. లక్కీ డ్రా ఇంకెవరో తీశారు.

జూన్ 11

మెయిల్ వచ్చింది. వచ్చే నెల నుంచి మళ్ళీ హీరోల సినిమాలే. కింద సంతకం జనార్దనరావు.

ఓడిపోయావా అని రంగనాథ్ అడిగాడు. సగం హాలు కూర్చుంది, పోలెండులో ఆ సినిమా ఎనిమిదేళ్ళు ఒక్కడు కూడా చూడలేదు, లెక్క వేసుకో అన్నాను.

జూన్ 13

అంకుల్ ఫోన్. సంఘం రాజకీయం మాట్లాడతారనుకుని రెడీ అయ్యాను. ఆ డీవీడీ ఓపాలి ఇస్తావా అమ్మా అన్నారు.

ఇవ్వను అన్నాను. పుంగ్గోల్ రండి, మా ఇంట్లో చూద్దురుగాని. కర్టెన్లు మూసే వేస్తాను, తర్వాత ఎందుకు చెప్పలేదనద్దు.

వస్తానన్నారు.

జూన్ 17, ఆదివారం

చీకటి రాగానే అంకుల్ మాట్లాడటం మొదలుపెట్టారు. యుద్ధంలో జపాను వాళ్ళు ఇక్కడ రాజ్యం చేసిన రోజులట. తనకి ఐదేళ్ళట. తలుపు కొట్టారట. సయాం దేశంలో రైలు పట్టాలు వెయ్యాలని నాన్నని తీసుకుపోయారట. చెప్పులు వేసుకోబోతే అక్కర్లేదన్నారట. తెల్లారేదాకా అమ్మ దీపం వెలిగించనివ్వలేదట.

రంగనాథ్ పాజ్ నొక్కబోయాడు. నొక్కనివ్వలేదు.